ఆటో స్టార్టర్ పాకింది... కెపాసిటర్ ఎందుకు ఆగింది?

ఒకే ట్రాన్స్‌ఫార్మర్, అదే రైతులు, రెండు చిన్న డబ్బాలు. ఒకటి ఎవరూ చెప్పకుండానే దాదాపు ప్రతి మోటరుకీ చేరింది. ఇంకోటి ప్రభుత్వమే పెట్టుకొమ్మన్నా చేరలేదు. కొత్త టెక్నాలజీ జనంలోకి ఎలా వెళ్తుందో చెప్పే పెద్ద పెద్ద సిద్ధాంతాలకి మా ఊరి పొలం గట్టు మీద ఓ పరీక్ష పెడదాం.

మాది మొయినాబాద్ మండలం చిన్న మంగళారం. చిన్నప్పుడు ఎండాకాలం వాకిట్లో మంచాలేసుకుని పడుకునేవాళ్లం. రాత్రి ఏ రెండింటికో మూడింటికో కరెంటు వచ్చేది. వచ్చిందని మాకు లైటు చూస్తే కాదు, చప్పుడు వింటే తెలిసేది. చీకట్లో ఓ మూల నుంచి 'టక్'. ఇంకో పక్క నుంచి 'టక్'. ఆ వెనకే బోరు మోటర్లన్నీ ఒక్కసారి గుర్రుమనేవి. ఎవరూ మంచం దిగేవాళ్లు కాదు.

ఆ 'టక్' ఆటో స్టార్టర్‌ది. కరెంటు రాగానే దానంతటదే మోటరు ఆన్ చేసే డబ్బా. దాని గురించి ఎప్పుడు అడిగినా మా పెద్దనాయిన ఒకటే మాట చెప్తాడు. "అది లేనప్పుడు బ్యాటరీ లైటు పట్టుకొని అర్ధరాత్రి పొలం కాడికి పోయేటోళ్లం బిడ్డా. పాము ఉంటదో, వైరు తెగి పడ్డదో తెల్వది. ఈ డబ్బా వచ్చినంక నిద్ర వోతున్నం."

అదే బోర్డు మీద ఇంకో డబ్బా కూడా ఉండాలి. కెపాసిటర్. మా బోరు దగ్గర దానికోసం వదిలిన జాగా ఏళ్ల తరబడి ఖాళీగానే ఉంది. చుట్టుపక్కల చాలా బోర్డుల మీదా అంతే. ఆటో స్టార్టర్ కన్నా ఖరీదైనదా అంటే కాదు. బిగించడం కష్టమా అంటే అదీ కాదు. మరి ఒకటి ఎందుకు గెలిచింది? ఇంకోటి ఎందుకు ఓడింది?

సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో చేరినప్పటి నుంచి నేను రోజూ వినే మాట 'అడాప్షన్'. కొత్త ఫీచర్‌ని ఎంతమంది వాడుతున్నారు, ఎక్కడ వదిలేస్తున్నారు, ఎందుకు వదిలేస్తున్నారు... మీటింగులన్నీ దీని చుట్టే. ఈ ప్రశ్నలకి జవాబులు వెతికే సిద్ధాంతాలు చదివిన కొద్దీ నాకు మా ఊరి రెండు డబ్బాలే గుర్తొచ్చాయి.

ముందు కరెంటు కథ

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1980లలో పంపుసెట్ల బిల్లు మీటరు లెక్కన కాకుండా మోటరు హార్స్‌పవర్ లెక్కన వేసే పద్ధతి వచ్చింది. 2004 మే 14న వై.ఎస్. రాజశేఖరరెడ్డి ముఖ్యమంత్రిగా ప్రమాణం చేసిన రోజే రైతులకి ఉచిత కరెంటు ఫైలు మీద సంతకం పెట్టారు. కరెంటు ఫ్రీ అయింది. కానీ రోజంతా రాదు. కొన్ని గంటలే, అదీ విడతలుగా. పగలు కొంత, రాత్రి కొంత.

ఉచిత కరెంటుతో పాటు కొన్ని షరతులూ వచ్చాయి. ఐఎస్ఐ మోటరు ఉండాలి, మంచి పైపులుండాలి, కెపాసిటర్ ఉండాలి. అంటే కెపాసిటర్ వెనకాల ప్రభుత్వం ఉంది, కరెంటు సంస్థ ఉంది, ఇంజినీర్లున్నారు. ఆటో స్టార్టర్ వెనకాల ఎవరున్నారు? మోటర్లు బాగుచేసే మెకానిక్కులూ, ఎలక్ట్రికల్ షాపులోళ్లూ. అయినా గెలిచింది ఆటో స్టార్టరే.

మా ప్రాంతానికి ఈ కథ ఎందుకంత ముఖ్యమంటే, చేవెళ్ల, మొయినాబాద్‌లలో కూరగాయలైనా పూలైనా బోరు మీదే బతుకు. ప్రాణహిత-చేవెళ్ల అని ప్రాజెక్టు పేరులో మా చేవెళ్ల ఉంది కానీ, ఆ నీళ్లు చేవెళ్ల దాకా రాలేదు. మెహిదీపట్నం రైతుబజారుకి పోయే టమాటా, గుడిమల్కాపూర్ మార్కెట్‌కి పోయే పువ్వు... అన్నీ భూమి లోపలి నీళ్లే.

సిద్ధాంతం 1: మొక్కజొన్న చేలో పుట్టిన ఎస్ గీత

స్టార్టప్ వాళ్ల నోట 'ఎర్లీ అడాప్టర్స్' అనే మాట వినే ఉంటారు. అది సిలికాన్ వ్యాలీలో పుట్టిన మాట కాదు. పొలాల్లో పుట్టింది.

1943లో బ్రైస్ రయన్, నీల్ గ్రాస్ అనే ఇద్దరు సామాజిక శాస్త్రవేత్తలు అమెరికాలోని అయోవా రాష్ట్రంలో హైబ్రిడ్ మొక్కజొన్న ఎలా వ్యాపించిందో రాశారు. 259 మంది రైతులని అడిగారు. 1928 నుంచి 1941 లోపల ఇద్దరు తప్ప అందరూ ఆ విత్తనానికి మారిపోయారు. మొదట్లో మెల్లగా, మధ్యలో వేగంగా, చివర్లో మళ్లీ మెల్లగా. కాగితం మీద గీస్తే ఇంగ్లిష్ 'ఎస్' అక్షరంలా వస్తుంది.

ఎవరెట్ రోజర్స్ ఇలాంటి పరిశోధనలన్నీ కలిపి 1962లో 'డిఫ్యూజన్ ఆఫ్ ఇన్నోవేషన్స్' పుస్తకం రాశాడు. ఆయనా అయోవా రైతు బిడ్డే. వాళ్ల నాన్నకి కొత్త యంత్రాలంటే ఇష్టం, కానీ హైబ్రిడ్ విత్తనం మాత్రం వద్దన్నాడు. 1936 కరువులో పక్కవాళ్ల హైబ్రిడ్ చేను నిలబడింది, వీళ్లది వాడిపోయింది. మంచిదని కళ్లెదుట కనపడుతున్నా మనుషులు ఎందుకు ఆగుతారు? రోజర్స్ జీవితమంతా ఈ ప్రశ్న వెనకాలే తిరిగాడు.

ఆయన లెక్కలో ఓ కొత్త వస్తువు పాకాలంటే ఐదు చూడాలి. పాతదానికన్నా లాభముందా? మన అలవాట్లకి సరిపోతుందా? అర్థం చేసుకోవడం తేలికేనా? కొంచెం వాడి చూసే వీలుందా? ఫలితం పక్కవాళ్లకి కనపడుతుందా?

ఆటో స్టార్టర్‌కి ఐదులో ఐదు. నిద్ర మిగులుతుంది, అదే లాభం. మోటరు మార్చక్కర్లేదు. నచ్చకపోతే స్విచ్చు తిప్పితే పాత పద్ధతే. ఇక ఫలితమంటారా? అర్ధరాత్రి ఊరంతటికీ వినపడుతుంది!

కెపాసిటర్‌కి? అదేం చేస్తుందో కంటికి కనపడదు, చెవికి వినపడదు. అది పెట్టాక మోటరు కాలిపోలేదనుకోండి. కాలిపోనిది దానివల్లే అని ఎవరికి తెలుస్తుంది? జరగని నష్టాన్ని పక్కింటివాడికి చూపించలేం.

ఇక్కడిదాకా రోజర్స్ బాగా చెప్పాడు. చిక్కెక్కడంటే ఆయన పెట్టిన పేర్ల దగ్గర. మొదటి 2.5 శాతం 'ఇన్నోవేటర్లు', చివరి 16 శాతం 'లాగార్డ్స్', అంటే వెనకబడినవాళ్లు. కొత్త వస్తువు ఎప్పుడూ మంచిదే, తీసుకోనివాడిదే లోపం అనే ధోరణి ఇందులో ఉందని విమర్శ వచ్చింది. ఆ పక్షపాతం ఉందని తర్వాత రోజర్సే ఒప్పుకున్నాడు. మా పెద్దనాయిన ఆటో స్టార్టర్ విషయంలో ఊళ్లో ముందువరస. కెపాసిటర్ విషయంలో చివరివరస. మనిషి ఒక్కడే. మరి ఏ డబ్బాలో వేస్తారాయన్ని?

సిద్ధాంతం 2: లాభమెంత?

అదే మొక్కజొన్న మీద 1957లో ఆర్థికవేత్త జ్వీ గ్రిలికెస్ వేరే కథ చెప్పాడు. మనస్తత్వాలు కాదు, లాభం చూడండి అన్నాడు. హైబ్రిడ్ విత్తనంతో ఎక్కువ లాభమున్న చోట రైతులు త్వరగా మారారు, తక్కువున్న చోట మెల్లగా. రైతు మొండివాడు కాదు, లెక్క తెలిసినవాడు.

ఈ కళ్లద్దాలు పెట్టుకుని చూస్తే కెపాసిటర్ కథ వేరేలా కనపడుతుంది. కెపాసిటర్ వల్ల లైన్లలో కరెంటు వృథా తగ్గుతుంది. ఆ మిగులు ఎవరిది? కరెంటు ఫ్రీ అయినప్పుడు రైతుకి బిల్లులో ఒక్క రూపాయి తగ్గదు. మిగులు కరెంటు సంస్థకి, ఖర్చు రైతుకి. లెక్క తెలిసిన రైతు పెట్టడు. అంతే.

కానీ ఇదీ పూర్తి జవాబు కాదు. లో వోల్టేజీకి మోటరు కాలితే వైండింగ్ ఖర్చు రైతుదే. బోరులోంచి మోటరు పైకి తీయించే కూలీ రైతుదే. ఆ నాలుగు రోజులు నీళ్లు లేక ఎండే చేను కూడా రైతుదే. ఆ నష్టం ముందు కెపాసిటర్ ధర ఎంత? అయినా ఎందుకు పెట్టలేదు? ఈ ప్రశ్న దగ్గర గ్రిలికెస్ లెక్క కూడా ఆగిపోతుంది.

సిద్ధాంతం 3: నా యాప్ ఎందుకు ఫెయిలైంది?

1989లో ఫ్రెడ్ డేవిస్ 'టెక్నాలజీ యాక్సెప్టెన్స్ మోడల్' తెచ్చాడు. ముద్దుగా 'టామ్' అంటారు. కంప్యూటర్ వాడేవాళ్ల కోసం తయారైన సిద్ధాంతం. ప్రశ్నలు రెండే. ఇది నాకు పనికొస్తుందని అనిపిస్తోందా? వాడటం తేలికనిపిస్తోందా? రెండింటికీ అవును అంటే మనిషి వాడతాడు. మన యాప్‌లలో 'సింపుల్‌గా ఉండాలి' అనే గోలంతా ఈ రెండో ప్రశ్నదే.

ఇంజినీరింగ్ చివరి ఏడాదిలో నేను దీన్ని గుడ్డిగా నమ్మాను. ప్రాజెక్టు కింద ఫోన్‌తో నడిచే స్టార్టర్ చేశాను. కొత్త ఆలోచనేం కాదు. పుణె ఇంజినీరు సంతోష్ ఓస్త్వాల్ చేసిన 'నానో గణేశ్' లాంటివి అప్పటికే మార్కెట్లో ఉన్నాయి. నాదాంట్లో యాప్ ఉంది, తెలుగులో బటన్లున్నాయి. వోల్టేజీ ఎంతుందో కనపడుతుంది, ఇంట్లో కూర్చుని మోటరు వేయొచ్చు, తీయొచ్చు. పెద్దనాయిన బోరుకే బిగించాను. రెండు రోజుల్లో నేర్చుకున్నాడు. "మంచిగుంది రా" అని పదిమందికి చూపించాడు కూడా.

రెండు వారాల తర్వాత పోయి చూస్తే నా డబ్బా పక్కకి పెట్టి ఉంది. మళ్లీ ఆటో స్టార్టర్!

నేను చిన్నబుచ్చుకున్నానని తెలిసి ఆయనే చెప్పాడు. "నీది మంచిగనే ఉంది గని బిడ్డా, కరెంటు రాంగనే అందరి మోటర్లు ఎక్కుతయి. నేను ఫోన్ తీసి, నువ్వు చెప్పినట్ల నొక్కేటాళ్లకు వోల్టేజీ పడిపోతది. నా మోటర్ ఎక్కది. గా పది సెకండ్లల్ల ఎవలు ముందు ఎక్కితే వాళ్లయే నీళ్లు."

ఉద్యోగంలో ఇన్నేళ్లలో ఇంతకన్నా మంచి ఫీడ్‌బ్యాక్ నాకు ఎవరూ ఇవ్వలేదు. టామ్ రెండు ప్రశ్నలకీ ఆయన జవాబు 'అవును'. పనికొస్తుంది, తేలికగా ఉంది. అయినా వాడలేదు. ఎందుకంటే నేను ఒక్క రైతునే 'యూజర్' అనుకున్నాను. ఆయన వెనకాల ట్రాన్స్‌ఫార్మర్ ఉందని, దాని కింద ఇంకా మోటర్లున్నాయని నా డిజైన్‌లో ఎక్కడా లేదు.

2003లో విశ్వనాథ్ వెంకటేశ్, డేవిస్, మరికొందరు కలిసి టామ్‌ని పెద్దది చేశారు. చుట్టుపక్కలవాళ్ల ప్రభావం, సౌకర్యాలున్నాయా లేదా అనేవి కలిపారు. మెరుగే. కానీ అక్కడా ప్రశ్న ఒక్క మనిషికే వేస్తారు. 'మీరు వాడతారా?' అని. 'మీ పదిమంది కలిసి ఏం చేస్తారు?' అని కాదు.

సిద్ధాంతం 4: అసలు ఆ డబ్బా ఏమిటి?

పై మూడు సిద్ధాంతాల్లోనూ వస్తువు ముందే తయారై ఉంటుంది. జనం తీసుకుంటారా లేదా అన్నదే లెక్క. 1984లో ట్రెవర్ పించ్, వీబె బైకర్ అనే ఇద్దరు దీన్ని తిరగేశారు. వస్తువు ఏమిటన్నదే జనాన్ని బట్టి మారుతుంది అన్నారు. వాళ్ల ఉదాహరణ సైకిలు. ముందు చక్రం మనిషంత ఎత్తున్న పాత సైకిలు కుర్రాళ్లకి మగతనం చూపించుకునే వస్తువు. ఆడవాళ్లకి, పెద్దవాళ్లకి అదే పడిపోయే ప్రమాదం. ఎవరి అవసరాలు బలంగా వినపడ్డాయో దాన్ని బట్టి డిజైన్లు మారుతూ వచ్చి, చివరికి మనం తొక్కే సైకిలు స్థిరపడింది.

పించ్ 1996లో రోనాల్డ్ క్లైన్‌తో కలిసి ఇంకో సరదా సంగతి రాశాడు. అమెరికా పల్లెల్లో రైతులు ఫోర్డ్ మోడల్-టి కారు వెనక చక్రాన్ని జాకీతో పైకెత్తి, బెల్టు తగిలించి పిండిమరలు, నీళ్ల పంపులు, బట్టలుతికే మెషీన్లు నడుపుకున్నారట. కంపెనీకి అది కారు. రైతుకి ఇంజను. మన దగ్గర ట్రాక్టరుతో ఎన్ని పనులు చేయిస్తారో చూసినవాళ్లకి ఇదేం ఆశ్చర్యం కాదు.

ఇప్పుడు ఆటో స్టార్టర్‌ని ఇలా చూడండి. రైతుకి అది నిద్ర, ప్రాణభయం లేకపోవడం. మెకానిక్‌కి వ్యాపారం. కరెంటు ఇంజినీరుకి తలనొప్పి. ఎందుకంటే మోటరు మొదలయ్యే కొన్ని సెకన్లు మామూలు కన్నా ఐదారు రెట్లు కరెంటు లాగుతుంది. పది మోటర్లు ఒకేసారి మొదలైతే ట్రాన్స్‌ఫార్మర్ మీద యాభై, అరవై మోటర్ల బరువు పడ్డట్టు. ఫ్యూజులు పోతాయి, ఒక్కోసారి ట్రాన్స్‌ఫార్మరే కాలిపోతుంది. ఇక భూగర్భజలాల లెక్క చూసేవాళ్లకి అదే డబ్బా అవసరం లేకున్నా నీళ్లు తోడే దొంగ.

డబ్బా ఒకటే, అర్థాలు నాలుగు. మరి ఎవరి అర్థం గెలవాలి?

ఈ గొడవ 2018లో బయటికే వచ్చింది. ఆ ఏడాది జనవరి 1 నుంచి తెలంగాణ ప్రభుత్వం వ్యవసాయానికి 24 గంటల కరెంటు మొదలుపెట్టింది. దాదాపు 23 లక్షల పంపుసెట్లు. రోజంతా కరెంటు ఉంటే ఆటో స్టార్టర్ ఎందుకు? పైగా అది ఉంటే మోటరు ఆగకుండా నడిచి బోర్లు ఎండిపోతాయి. అందుకే ఆటో స్టార్టర్లు తీసేయండని ప్రభుత్వం గట్టిగా ప్రచారం చేసింది. నీళ్లు అయిపోతాయన్న భయంతో అంతసేపు కరెంటు వద్దని కొన్ని ఊళ్లలో రైతులే అడిగారు కూడా.

మా ఊళ్లోనూ తీసేయమని చెప్పారు. కొందరు తీశారు, కొందరు తీసినట్టే తీసి మళ్లీ పెట్టారు. పెద్దనాయినని అడిగితే నవ్వి అన్నాడు. "నా ఒక్కనిది తీస్తే ఏమైతది? పక్కోనిది నడుస్తనే ఉంటది గద. భూమిల నీళ్లకు గట్లున్నయా?"

అసలు సంగతి ట్రాన్స్‌ఫార్మర్ కింద ఉంది

కెపాసిటర్ కథకి కూడా తాళంచెవి ఆ మాటే.

ముందు కెపాసిటర్ ఏం చేస్తుందో మా భాషలో చెప్తాను. కల్లు ముంతని ఊహించుకోండి. పైన నురగ, కింద కల్లు. తాగేది కల్లే, కానీ నురగ కూడా ముంతలో జాగా తింటుంది. మోటరు లాగే కరెంటులోనూ పనిచేసే భాగం, పని చేయకుండా లైన్లో తిరిగే నురగ భాగం ఉంటాయి. కెపాసిటర్ ఆ నురగలో కొంత మోటరు దగ్గరే అందిస్తుంది. అప్పుడు ట్రాన్స్‌ఫార్మర్ మీద బరువు తగ్గి, వోల్టేజీ నిలబడుతుంది.

ఓ చిన్న లెక్క వేద్దాం. 63 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ కింద పది మోటర్లు, ఒక్కోటి 5 హెచ్‌పీ. ఒక్కో మోటరు 5 కిలోవాట్ల కరెంటు తీసుకుంటోంది, పవర్ ఫ్యాక్టర్ 0.75 అనుకుందాం. కెపాసిటర్లు లేకుండా మొత్తం బరువు దాదాపు 66.7 కేవీఏ. అంటే మోయగలిగినదాని కన్నా ఎక్కువ. ఇప్పుడు ఒక్క రైతు 2 కేవీఏఆర్ కెపాసిటర్ పెట్టాడు. బరువు 65.4కి దిగుతుంది. ఇంకా ఎక్కువే. ఆ రైతు డబ్బు పెట్టాడు, తేడా ఏమీ చూడలేదు. ఇద్దరు పెట్టినా గీత దాటే ఉంటుంది. ముగ్గురు పెడితే 62.9, అప్పుడు గీత కిందికి వస్తుంది. పదిమందీ పెడితే 55.5.

చూశారా? మొదట పెట్టేవాడికి ఫలితం సున్నా. ముగ్గురు పెడితే పదిమందికీ మేలు. మరి ఆ మొదటి ముగ్గురు ఎవరు? ప్రతి ఒక్కరూ పక్కవాడి వైపు చూస్తారు. ఇది మొండితనం కాదు, చదువు లేకపోవడం కాదు. ఒంటరిగా ఆలోచించే ఎవరికైనా అదే తెలివైన నిర్ణయం.

బెర్లిన్‌లోని హంబోల్ట్ విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన క్రిస్టియన్ కిమ్మిక్ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పంపుసెట్ల కరెంటు మీద చేసిన పరిశోధనలో ఈ చిక్కునే గేమ్ థియరీతో వివరించాడు. అందరూ పెడితే అందరికీ లాభం. ఒక్కడే పెడితే వాడికి నష్టం. ఇది ఎవరి మనసులోని సమస్యా కాదు, కలిసి కదలడంలోని సమస్య.

ఆటో స్టార్టర్ దీనికి సరిగ్గా తలకిందులు. పెట్టుకున్నవాడికి వెంటనే లాభం, నష్టం మాత్రం ట్రాన్స్‌ఫార్మర్ కిందున్న అందరికీ. పైగా పక్కవాడు పెట్టాక నేను పెట్టకపోతే నా మోటరు ఎక్కదు. అంటే ఒక్కోటి పెరిగే కొద్దీ మిగతావాళ్లు పెట్టక తప్పదు. దాని వేగానికి కారణం ఇది. రోజర్స్ గీసిన ఎస్ గీత వచ్చింది నిజమే, కానీ ఆ గీతలో సగం ఇష్టం, సగం పోటీ.

మరి యూపీఐ ఎలా గెలిచింది?

ఇక్కడ మీకో అనుమానం రావాలి. ఒక్కడి దగ్గరే ఉంటే యూపీఐ కూడా పనికిరాదు కదా? కొనేవాడి దగ్గరుండి అమ్మేవాడి దగ్గర లేకపోతే ఏం లాభం? అదీ కెపాసిటర్ లాంటి చిక్కే. మరి ఈరోజు రైతుబజారులో కొత్తిమీర కట్టకి కూడా స్కాన్ చేస్తున్నాం!

ఎన్‌పీసీఐ 2016 ఏప్రిల్‌లో యూపీఐని మొదలుపెట్టింది. అదే ఏడాది నవంబరు 8న పెద్దనోట్లు రద్దయ్యాయి. చేతిలో నగదు లేక అందరూ ఒకేసారి కదలాల్సి వచ్చింది. ఏ బ్యాంకు యాప్ నుంచి ఏ బ్యాంకుకైనా డబ్బు పోయేలా డిజైన్ ఉంది కాబట్టి, పక్కవాడిదే యాప్ అయినా ఫర్వాలేదు. 2020 జనవరి నుంచి దుకాణదారుకి ఫీజు కూడా లేదు. అంటే మొదటివాడికి నష్టం లేకుండా చేశారు, అందర్నీ ఒకే కాలంలో కదిలించారు, ఫలితం అక్కడికక్కడే కనపడేలా చేశారు.

కెపాసిటర్‌కి ఈ మూడూ జరగలేదు. షరతు ఒక్కో రైతుకి విడివిడిగా పెట్టారు. ట్రాన్స్‌ఫార్మర్‌కి పెట్టలేదు.

ఇది పాత గొడవ కదా అనుకోకండి. రేపు పొలాల్లోకి తేమ సెన్సర్లు, ఏఐ సలహాలు, స్మార్ట్ మీటర్లు వస్తున్నాయి. వాటిని తయారుచేసేది నాలాంటివాళ్లే. మేం ఆఫీసులో కూర్చుని 'రైతు వాడతాడా?' అని ఒక్కడి బొమ్మ గీసుకుని డిజైన్ చేస్తే, బోరు పోటీని ఇంకా వేగంగా నడిపే యంత్రాన్నే తయారుచేస్తాం. అందరి బోర్లూ తాగేది ఒకే భూమిలోంచి. మా గట్టి రాతి నేలలో నీళ్లుండేది పగుళ్లలోనే. అవి ఒకసారి ఖాళీ అయితే ఏ యాప్ అప్‌డేటూ నింపలేదు.

చెరువు కాడ నేర్చుకున్నదే

నిజానికి మన పల్లెలకి ఈ చిక్కు కొత్త కాదు. చెరువు కింద సాగున్న రోజుల్లో నీరటికాడు ఉండేవాడు. తూము తీసేది అతనే, ఎవరి మడికి ఎంతసేపు, ఎవరి తర్వాత ఎవరు అని చూసేదీ అతనే. ఎవరూ ముందు ఎక్కడానికి లేదు. ఇలా ఊళ్లే నియమాలు పెట్టుకుని ఉమ్మడి వనరుల్ని కాపాడుకోగలవని 1990లో రాసిన పుస్తకంలో చూపించినావిడ ఎలినార్ ఆస్ట్రమ్. 2009లో ఆమెకి ఆర్థికశాస్త్రంలో నోబెల్ వచ్చింది. బోర్లు వచ్చాక ఎవరి తూము వాళ్ల చేతికొచ్చింది. నీరటికాడు పోయాడు. ట్రాన్స్‌ఫార్మర్ వచ్చింది కానీ దానికి నీరటికాడు లేడు.

మొన్నటి ఎండాకాలం మా ట్రాన్స్‌ఫార్మర్ మళ్లీ కాలింది. బాగయ్యి వచ్చేసరికి ఐదు రోజులు. టమాటా నారు సగం పోయింది. కోపంలో దాని కిందున్న రైతులంతా స్తంభం దగ్గర కూడారు. నేనూ ఉన్నాను. కెపాసిటర్ గురించి నా లెక్క కాగితం మీద వేసి చూపించాను. మర్యాదకి విన్నారు.

వాళ్లకి పట్టింది వేరే సంగతి. చాలా ఆటో స్టార్టర్లలో కరెంటు వచ్చాక ఎన్ని సెకన్లకి మోటరు ఎక్కాలో తిప్పుకునే చిన్న నాబ్ ఉంటుంది. అందరూ దాన్ని తక్కువలో తక్కువకి తిప్పి పెట్టుకున్నారు. ఒకాయన అన్నాడు, "చెర్వు కింద వార వెట్టినట్లు దీనికి వెడితే?" ఒకరిది పది సెకన్లు, ఇంకొకరిది ఇరవై, మరొకరిది ముప్పై... అందరూ ఒక్కసారి కాకుండా వరసగా. ఒక్క రూపాయి ఖర్చు లేదు. వారం వారం వరస మారాలి, లేకుంటే చివరోడు ఒప్పుకోడు. అరగంట వాదించుకుని ఒప్పుకున్నారు.

డబ్బా మారలేదు. దాని వాడకం మారింది. దాన్ని తయారుచేసినవాళ్లు ఊహించని పనిని దానితో చేయించారు. పించ్, బైకర్ చెప్పిందీ, ఆస్ట్రమ్ చెప్పిందీ ఒకే నాబ్‌లో కనపడ్డాయి నాకు.

ఇది నిలుస్తుందో లేదో ఇంకో రెండు వేసవులు పోతే గాని తెలియదు. ఇప్పటికే ఒకరు నాబ్ వెనక్కి తిప్పారని ఓ రోజు గొడవైంది. కానీ గొడవైందంటే నియమం ఉన్నట్టే కదా.

కెపాసిటర్లా? మా ట్రాన్స్‌ఫార్మర్ కింద ఇప్పటికి రెండయ్యాయి. ఒకటి మా పెద్దనాయినది, నా పోరు పడలేక. ఇంకోటి ఆయన్ని చూసి పక్క చేనాయన పెట్టింది. నా లెక్క ప్రకారం ఇంకొక్కటి కావాలి. పోయిన వారం ఫోన్ చేసినప్పుడు పెద్దనాయిన అన్నాడు, "మూడోది ఎవలు వెడ్తరో చూస్తున్న బిడ్డా. అందరు అదే చూస్తున్నరు."